బాల్యకథ, బాలల కథ: తెలుగు వాస్తవిక కథనంలో పాఠకుని స్థానం

కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో మరణించేవరకు ‘చందమామ’ సంపాదక బాధ్యతలు నిర్వహించారు. ఆయనే ‘చదువు’ నవలాకర్త. సుందరం అనే పిల్లవాడి అక్షరాభ్యాసంతో మొదలుపెట్టి, ఇల్లు, బడి, ఊరు, మొదటి ప్రపంచయుద్ధం, జాతీయోద్యమం, ఆర్థికమాంద్యం అన్నీ ఆ పిల్లవాడి ఎదుగుదలలోకి ఎలా దిగుతాయో చూపిన నవల అది. తెలుగు మధ్యతరగతి కుటుంబంలో డబ్బుకూ ప్రేమకూ, చదువుకూ పరువుకూ ఉన్న సంబంధాన్ని అంత నిర్మోహంగా రాసిన రచయిత దాదాపు మూడు దశాబ్దాలపాటు తెలుగునాట అత్యధికంగా చదివిన పిల్లల పత్రికను నడిపారు. అయినా ఆ పత్రిక పుటల్లో సుందరం వంటి పిల్లవాడు కనబడటం అరుదు. అక్కడున్నది బేతాళుడు, రాజకుమారుడు, జమీందారు, తెలివైన రైతు, దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల్లోని మాంత్రికులు. పిల్లవాడి చేతిలోని పత్రికలో పిల్లవాడి ఇల్లు లేదు.

దీన్ని కుటుంబరావు వైరుధ్యంగా చెప్పి వదిలేయడం సులభం. జానపద కథ పిల్లల వివేచనను పెంచుతుందన్న నమ్మకంతోనే ఆయన ఆ కథలను తిరగరాశారని, ఆ కథల్లోని నిరాడంబర వాక్యం రెండు తరాలకు తెలుగు వచనాన్ని నేర్పిందని అంగీకరించక తప్పదు. అయితే ఇక్కడ ప్రశ్న ఒక సంపాదకుడి అభిరుచికి సంబంధించినది కాదు. తెలుగులో కుటుంబం, స్నేహం, ఎదుగుదల వస్తువులుగా గల వాస్తవిక కథ లేకపోలేదు. అది పుష్కలంగా ఉంది. కాని అది పిల్లల పత్రికలో కాక పెద్దల వారపత్రికలో, పెద్దల కథాసంపుటంలో పుట్టింది. పిల్లవాడు వస్తువయ్యాడు, అనేక సందర్భాల్లో కథకుడూ అయ్యాడు. పాఠకుడు మాత్రం ఎక్కువగా పెద్దవాడే. బాల్యం గురించిన కథకూ బాలల కోసమైన కథకూ మధ్య ఏర్పడిన ఈ ఎడాన్ని తెలుగు విమర్శ తగినంతగా పట్టించుకోలేదు. ప్రధాన పాత్ర వయసు పదేళ్ళైతే దాన్ని బాలసాహిత్యం కింద చేర్చడం, వారపత్రికలో వచ్చినదైతే తీసివేయడం అనే రెండు యాంత్రిక ధోరణుల మధ్య ఊగిసలాట సాగింది. పాత్ర వయసు, ప్రచురణ స్థలం ఈ విషయంలో నిర్ణాయకాలు కావు. కథలోని పిల్లవాడికి తెలిసినదానికీ పాఠకుడికి తెలిసినదానికీ మధ్య రచయిత ఎంత దూరం ఉంచాడన్నదే నిర్ణాయకం. ఈ కొలతతో చూస్తే, అలవాటుగా పిల్లల పుస్తకమనుకునేది పెద్దల పుస్తకంగానూ, పెద్దల కథ అనుకునేది పిల్లల కథగానూ తేలే సందర్భాలున్నాయి.

‘బుడుగు’లో ఎవరు నవ్వుతారు?

ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ 1945లో ‘బాల’ పత్రికలో అచ్చయింది. దాని పేరు ‘అమ్మ మాట వినకపోతే’. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు నడిపిన ఆ పత్రిక పిల్లల చేత రాయించిన పత్రిక కూడా. రమణ, బాపు ఇద్దరూ ఆ పుటల్లో పెరిగినవారే. ఆ శీర్షిక నాటి బాలల కథకు అచ్చమైన అచ్చు: మాట వినకపోవడం కారణం, కీడు ఫలితం. దాదాపు పదకొండేళ్ళ తరువాత, 1956-57లో ఆంధ్ర సచిత్ర వారపత్రికలో అదే రచయిత సృష్టించిన బుడుగు అమ్మ మాట వినడు, అయినా అతనికేమీ కాదు. ఫలితం బోర్లాపడింది. వేదిక కూడా మారింది. మాట వినని పిల్లవాడు పిల్లల పత్రికలో కాక పెద్దల వారపత్రికలో ప్రత్యక్షమయ్యాడు. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కాని మాట వినడం నేర్పవలసిన బాధ్యత లేని చోటే అటువంటి పిల్లవాడికి చోటు దొరికిందన్నది గమనార్హం.

‘బుడుగు’ ఉత్తమపురుష కథనం. అమ్మానాన్నలు అతని నోట రాధ, గోపాళం. బామ్మ, బాబాయి, రెండుజెళ్ళ సీత, సీగానపెసూనాంబ, పక్కింటి లావుపాటి పిన్నిగారు, ఆమె ‘ముగుడు’గారు, వచ్చిపోయే ప్రైవేటు మాస్టార్లు: ఇది ఒక ఉమ్మడి కుటుంబపు వీథి. బుడుగు చూస్తాడు, విన్నది విన్నట్టు చెబుతాడు, పెద్దల మాటలను తన నోటికి తగ్గట్టు విరుస్తాడు. బాబాయి రెండుజెళ్ళ సీత కోసం పడే అవస్థ అతనికి వింత ఆట. పాఠకుడికి అది ప్రేమ. భార్యాభర్తల మధ్య నడిచే కోపతాపాలు అతనికి అర్థంకాని పెద్దల చాదస్తం. పాఠకుడికి అది దాంపత్యం. హాస్యమంతా ఈ తేడాలోంచి పుడుతుంది. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే ఇక్కడ వాచ్యార్థం బుడుగుది, వ్యంగ్యార్థం పాఠకుడిది. ధ్వనిని అందుకోవలసిన సహృదయుడు కథకునికన్నా పదిహేను, ఇరవై ఏళ్ళు పెద్దవాడు.

అందుచేత ‘బుడుగు’ను పిల్లలు చదవరని కాదు. చదివారు, చదువుతున్నారు. కాని వారు నవ్వేచోటు వేరు. పిల్లల పాఠకుడు బుడుగు ఎదిరింపుకు నవ్వుతాడు, మాస్టార్లు పలాయనం చిత్తగించినందుకు నవ్వుతాడు, ‘జాటర్ ఢమాల్’ వంటి పదాల శబ్దానికి నవ్వుతాడు, బాపు బొమ్మకు నవ్వుతాడు. ‘ముగుడు’ అన్న వర్ణక్రమానికి మాత్రం సరైన వర్ణక్రమం స్థిరపడినవాడే నవ్వగలడు. ఇప్పుడిప్పుడే గుణింతాలు దాటుతున్న పిల్లవాడికి అది తప్పుగా తోచదు, అదీ ఒక మాటే. బుడుగు భాషను పిల్లల భాషగా మెచ్చుకున్నవారు ఒక సంగతి విస్మరించారు: అది పెద్దవాడు తన చెవితో విన్న పిల్లల భాష. ముద్దు అనే భావం దానిలో అంతర్లీనంగా ఉంది. ముద్దు చేసేవాడు ఎప్పుడూ ఎత్తులోనే ఉంటాడు.

మరొక సంగతి. బుడుగు ఎదగడు. ధారావాహిక స్వభావమే అంత కావచ్చు. వారంవారం పాఠకుడికి అదే పిల్లవాడు కావాలి. గోపాళానికి జీతం చాలకపోవడం వంటివి నేపథ్యంలో ఉన్నా, అవి బుడుగు మనసులోకి దిగి అతన్ని మార్చవు. ఇది లోపం కాదు. హాస్యపాత్రకు స్థిరత్వం అవసరం. కాని ఎదుగుదలను వస్తువుగా గల కథనంగా ‘బుడుగు’ను చూపడం మాత్రం కుదరదు. తెలుగులో బాల్యచిత్రణకు ‘బుడుగు’నే ప్రమాణం చేసుకోవడం వల్ల, ఆ తరువాత వచ్చిన పిల్ల కథకులందరినీ అల్లరి, గడుసుదనం అనే రెండు గుణాలతోనే కొలిచే అలవాటు స్థిరపడింది. ఆ నష్టానికి బాధ్యత రమణది కాదు, విమర్శది.

చుట్టలు తేవడానికి వెళ్ళిన కృష్ణుడు

చాగంటి సోమయాజులు ‘ఎందుకు పారేస్తాను నాన్నా?’ పిల్లల కోసం రాసిన కథ కాదు. చాసో కథల్లో అనేకం వలెనే అదీ పేదరికం మనుషుల మధ్య సంబంధాలను ఏంచేస్తుందో నిర్దాక్షిణ్యంగా చూసిన కథ. చదువు మీద మక్కువ ఉన్న కృష్ణుడికి బడి జీతం కట్టే స్తోమత తండ్రికి లేదు. తోటివారు బడికి పోతుంటే ఇతను ఇంటిపట్టున ఉన్నాడు. తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. ఆ పనికి వెళ్ళాలంటే బడి ముందు నుంచి పోవాలి. స్నేహితులు చూస్తారు, మాస్టార్లు చూస్తారు. కథంతా ఆ కొద్దిపాటి దూరంలో ఉంది.

ఈ కథలో కథకుడు ప్రథమపురుషలో ఉన్నా పిల్లవాడి ఎత్తు నుంచి పైకి లేవడు. కృష్ణుడికి తెలియనిది పాఠకుడికి అదనంగా తెలిసేది దాదాపు ఏమీ లేదు. ఇంట్లో డబ్బు లేదని అతనికి తెలుసు. తండ్రి మీద కోపం తెచ్చుకోవడం అన్యాయమనీ తెలుసు, అయినా కోపం వస్తుంది. చుట్టలకు డబ్బుంది, చదువుకు లేదన్న ఎత్తిపొడుపును కథకుడు ఎక్కడా బయటికి లాగి చూపడు. పిల్లవాడి చేతిలోని డబ్బే ఆ మాట అంటుంది. ‘బుడుగు’లో పాఠకుడు పిల్లవాణ్ణి దాటి చూస్తాడు. ఇక్కడ పిల్లవాడితో కలిసి చూస్తాడు. ఈ ఒక్క భేదం వల్ల, పన్నెండేళ్ళ పాఠకుడు ఈ కథలో దేన్నీ పోగొట్టుకోడు. పైగా పెద్దవాడికన్నా అతనికే ఒకటి ఎక్కువ దక్కుతుంది. బడి ప్రహరీగోడకు బయట నిలబడటంలోని అవమానం పెద్దవాడికి జ్ఞాపకం, పిల్లవాడికి రేపు జరగగలిగేది.

కథ పేరును మరొకసారి చూడాలి. అది కొడుకు తండ్రికిచ్చే జవాబు. పారేస్తావేమోనన్న తండ్రి శంక వెనుక లేకుండా ఆ జవాబుకు అర్థం లేదు. తండ్రి కష్టం మీద సమకూర్చినదాన్ని కొడుకు చేతిలో పెట్టడం, దాని విలువ తనకు తెలుసునని కొడుకు చెప్పడం: ఎదుగుదల అనే మాటకు తెలుగు కథలో ఇంతకన్నా క్లుప్తమైన రూపం దొరకదు. పేరులోని ప్రశ్నార్థకం కూడా గమనించదగినది. ‘పారేయను’ అన్నది విధేయత. ‘ఎందుకు పారేస్తాను’ అన్నది విధేయత మాత్రమే కాదు, చిన్నబుచ్చుకోవడం కూడా. ‘నాకు తెలియదనుకున్నావా’ అనే ధ్వని అందులో ఉంది. ఇక్కడ ధ్వనిని అందుకోవడానికి పెద్ద వయసు అక్కరలేదు. తండ్రికి జవాబు చెప్పిన అనుభవం చాలు.

పిల్లల సాహిత్యంలో విషాదం ఉండరాదన్న వాదం ఈ కథను బాలసాహిత్యపు గడప బయటే ఉంచింది. ఆ వాదం పిల్లల క్షేమం పేరుతో సాగినా, దానికి ఆధారం ఒక నిర్దిష్టమైన బాల్యం: జీతం గురించి పిల్లవాడు ఆలోచించనక్కరలేని ఇల్లు. ఆ ఇల్లు లేని పిల్లలకు ఆ నియమం వర్తించదు. వారికి విషాదం పుస్తకం ద్వారా కొత్తగా పరిచయమయ్యేది కాదు. పుస్తకంలో దానికి పేరు దొరకడమే కొత్త.

ఇంటిమాట, బడిమాట

చాసో మార్గానికీ రమణ మార్గానికీ మధ్య మూడో దారి నామిని సుబ్రహ్మణ్యం నాయుడు, మహమ్మద్ ఖదీర్‌బాబు రచనలది. ‘పచ్చనాకు సాక్షిగా’లో చిత్తూరు జిల్లా పల్లెలోని రైతుకుటుంబపు పిల్లవాడు, 1999లో పుస్తకంగా వచ్చిన ‘దర్గామిట్ట కతలు’లో నెల్లూరు ప్రాంతపు ముస్లిం ఇంటి పిల్లవాడు కథకులు. బుడుగు వలెనే వీరూ ఉత్తమపురుషలో మాట్లాడతారు, గడుసువారు. కాని వీరి మాటలో రెండు వయసులున్నాయి. చూస్తున్నది పిల్లవాడు, చెబుతున్నది పెరిగి పట్నానికి వచ్చినవాడు. అమ్మ పడిన శ్రమను గురించి చెప్పేటప్పుడు ఈ రెండో గొంతు బరువెక్కుతుంది. అప్పటి తన అల్లరి అమ్మకు ఎంత ఖరీదైనదో ఇప్పుడు తెలిసినవాడి గొంతది. హాస్యం ఉన్నచోట పాఠకుడు పిల్లవాడి పక్కన ఉంటాడు. ఆ బరువు వచ్చినచోట పెద్దవాడి పక్కకు జరుగుతాడు. ఈ జరుగుడును బాలపాఠకుడు అనుసరించగలడా అన్నది నిజమైన ప్రశ్న. జ్ఞాపకానికి ఉన్న తీపి, జ్ఞాపకం లేనివాడికి రుచించదు.

భాష విషయంలో మాత్రం వీరు చేసిన మేలు అసాధారణం. బాలసాహిత్యం చిరకాలం శిష్టవ్యావహారికానికే కట్టుబడి ఉంది. పిల్లలకు భాష నేర్పడం తన పని అనుకున్నది కనుక అది బడిమాటనే ఎంచుకుంది. ఫలితంగా కథలోని అమ్మ పిల్లవాడి అమ్మలా మాట్లాడదు. నామిని పుటల్లో అమ్మ అమ్మలా తిడుతుంది, అమ్మలా ఏడుస్తుంది. ఖదీర్‌బాబు పుటల్లో తెలుగూ ఉర్దూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుంటాయి. మాండలికం పిల్లలకు కష్టమన్న ఆక్షేపణ వినబడుతూంటుంది. అది ఆ ప్రాంతం కాని పిల్లలకు కొంత నిజమే. ఆ ప్రాంతపు పిల్లలకైతే ఇన్నాళ్ళూ కష్టంగా ఉన్నది తక్కిన బాలసాహిత్యమంతా.

పుట మారితే

ఈ చర్చకు ఒక ప్రయోగం వంటి ఆధారం ఉంది. హైదరాబాదులోని అన్వేషి స్త్రీల అధ్యయన పరిశోధన కేంద్రం 2008లో ‘డిఫరెంట్ టేల్స్’ అనే బాలల పుస్తకమాలను ఇంగ్లీషు, తెలుగు, మలయాళ భాషల్లో తెచ్చింది. దళిత, ముస్లిం, శ్రామిక కుటుంబాల బాల్యాలను, ప్రధానస్రవంతి పిల్లల పుస్తకాల్లో కనిపించని ఇళ్ళను అందులోకి ఉద్దేశపూర్వకంగా తీసుకున్నారు. ఖదీర్‌బాబు తలకాయ కూర కథ, గోపిని కరుణాకర్, గోగు శ్యామల వంటివారి కథలు బొమ్మలతో, పెద్ద అక్షరాలతో, పిల్లల పుస్తకం ఆకృతిలో వచ్చాయి. వయోజన పాఠకుల మధ్య పేరు తెచ్చుకున్న కథకులు పిల్లల పుటలోకి వచ్చారు. రచయితలు మారలేదు, వారి లోకమూ మారలేదు. పుట మారింది.

తలకాయ కూర కథ ఈ మార్పుకు చక్కగా నిలిచింది. తలకాయ తేవడం, కాల్చడం, కొట్టడం, వండటం, ఇంటిల్లిపాదీ కూర్చుని తినడం: ఈ క్రమంలో పిల్లవాడికి తెలియని రహస్యం లేదు. పెద్దవాడికి మాత్రమే అందే వ్యంగ్యం అతి తక్కువ. శాకాహార భోజనమే తెలుగు భోజనంగా ముద్రించిన వాచకాల మధ్య, తన ఇంటి కూర అచ్చులో కనబడటం ఒక పిల్లవాడికి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

గోగు శ్యామల ‘తాటకి’ కథ పరీక్ష ఇంకా కఠినమైనది. పొలానికి నీళ్ళు కట్టడానికి చీకటితో వెళ్ళే బాలమణి, తనపై దాడి చేయబోయిన పెద్దింటి మగవాణ్ణి ఎదిరిస్తుంది. కులం, లైంగికదాడి, ఆడపిల్ల శ్రమ మూడూ ఒకే కథలో ఉన్నాయి. దీన్ని పిల్లలకు ఇవ్వవచ్చునా అన్న సందేహం సహజం. కాని కథనంలోని దూరాన్ని కొలిస్తే సమాధానం స్పష్టం. బాలమణికి తెలియనిదేదో పాఠకుడికి తెలిసి, ఆమె అమాయకత్వం మీద కథ నడవదు. ఆమెకు తెలుసు, తెలిసే వెళుతుంది, తప్పించుకుంటుంది. ఆమెను కథ బలిగా నిలబెట్టదు. తాటకి అన్న పేరు తిట్టు నుంచి బిరుదుగా మారే తీరును గ్రహించడానికి బడిలో రామాయణం విన్న పిల్లలకు ఏ సహాయమూ అవసరం లేదు. ఆ మాటకొస్తే, తాటకి కథను పిల్లలకు ఎన్నడూ నిషేధించినవారు లేరు. అందులో వధ ఉన్నా అది పిల్లల కథే. బాలమణి గెలుపు దగ్గరకు వచ్చేసరికి మాత్రం వయోపరిమితి గుర్తుకు వస్తుంది.

పెద్దల పుటలో పుట్టి పిల్లల చేతికి చేరిన పుస్తకం తెలుగు పాఠకులకు మరొకటీ పరిచయమే. టెట్సుకో కురోయనాగి ‘తొత్తోచాన్’ జపానులో ముందు యువతుల కోసం వెలువడే పత్రికలో ధారావాహికగా వచ్చి, 1981లో పుస్తకమైంది. తెలుగులో ‘రైలుబడి’గా ఉపాధ్యాయుల ద్వారా, తల్లిదండ్రుల ద్వారా పిల్లల వద్దకు వెళ్ళింది. పోలియో సోకిన స్నేహితుణ్ణి చెట్టెక్కించడం, ఆ స్నేహితుడి మరణం, 1945 బాంబుదాడిలో బడి కాలిపోవడం అందులో ఉన్నాయి. అనువాదంగా వచ్చినప్పుడు మరణాన్ని పిల్లలకు ఇవ్వడానికి వెనుకాడని అభిరుచి, విజయనగరం పిల్లవాడి కన్నీళ్ళ దగ్గర వెనుకాడటం విచిత్రం. దూరదేశపు దుఃఖానికి అద్దం గుణం తక్కువ కావడమే అందుకు కారణమని తోస్తుంది.

ఈ దృష్టితో గ్రంథాలయ వర్గీకరణనూ పాఠ్యప్రణాళికలనూ తిరిగి చూడవలసిన పని పరిశోధకులకు ఉంది. చాసో కథ ఎం.ఏ. తరగతిలో అభ్యుదయ కథగా బోధనలో ఉంటుంది. ఏడో తరగతి పిల్లవాడు దాన్ని చదివి ఏమంటాడన్నది ఎవరి పరిశోధనాంశమూ కాలేదు. పిల్లల పాఠకస్పందనను నేరుగా నమోదు చేయని బాలసాహిత్య పరిశోధన ఎంత విస్తృతమైనదైనా పెద్దల అభిప్రాయాల చరిత్రగానే మిగులుతుంది.

లోటు అన్నిచోట్లా ఒకే తీరున లేదు. కుటుంబం విషయంలో తెలుగు వాస్తవిక బాల్యకథనం సంపన్నం. అమ్మ, నాన్న, జేజి, బామ్మ అందరూ ఉన్నారు. ఆడపిల్లల ఎదుగుదల పలుచన. పన్నెండుకూ పదహారుకూ మధ్య వయసు ఇంకా పలుచన. అన్నిటికన్నా తక్కువగా ఉన్నది స్నేహం. పిల్లవాడికి ఇంటి బయట దొరికే మొదటి సంబంధం అది, కులం, డబ్బు మొదట తగిలేదీ అక్కడే. అయినా మన కథల్లో స్నేహితులు చాలావరకు చుట్టూ ఉండే గుంపు. చాసో కథలోనూ బడి లోపలి పిల్లలు కృష్ణుడి సిగ్గుకు సాక్షులుగానే నిలుస్తారు. నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాడు చుట్టల కట్టతో దారిన పోతూ కనబడినప్పుడు, బడి లోపలున్న పిల్లవాడు పిలిచాడా, చూడనట్టు తల తిప్పుకున్నాడా, ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి వాళ్ళ నాన్నను ఏమని అడిగాడు? ఆ వైపు కథను చాసో చెప్పలేదు.